మిషను వెనక చెయ్యి

తప్పులుంటే మన్నించండి. ఏ అక్షరం కింద ఏ ఒత్తు పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. మనవరాలి పక్కన కూర్చుని దాని పలక మీదే దిద్దుకున్నదాన్ని. అది ఒక పేజీ చదివేసి ఆడుకోవడానికి వెళ్లేలోగా నేను ఒక వాక్యం రాస్తాను. పోయిన వారం భాగం ఆలస్యమైందని కొందరు కోప్పడ్డారట. నా రాత కోసం కోప్పడేవాళ్లు కూడా ఉన్నారని తెలిసి, నిజం చెప్పొద్దూ, లోపల్లోపల మురిసిపోయాను. ఇక నాన్చను. ఛాంపియన్ ఇంట్లో రాత్రి రాజుకున్న గొడవ తెల్లారినా చల్లారలేదు.

"అమ్మా, నా చార్జరు ఎక్కడ పెట్టారో ఆవిడ గారిని అడుగు."

ఆవిడ గారు చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి టీ వడగడుతోంది.

"అత్తయ్యా, రాత్రి ఎక్కడికి విసిరారో అక్కడే ఉందని ఆయన గారికి చెప్పండి."

బల్ల దగ్గర కూర్చున్న తల్లి కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూసింది. "నేనేమన్నా టెలిఫోను తీగనా? ఇటు మాట అటూ అటు మాట ఇటూ మొయ్యడానికి! ఇద్దరికీ నోళ్లున్నాయిగా. రాత్రి బాగానే పనిచేశాయి అవి. పక్కింటివాళ్లు కిటికీ కూడా వేసుకున్నారు."

ఎవరూ నవ్వలేదు. ఛాంపియన్ సోఫా కిందికి వంగి చార్జరు వెతుక్కున్నాడు. దొరికినా పైకి లేవలేదు. లేస్తే భార్య మొహం చూడాలి.

అతన్ని కన్నతల్లితో సహా అందరూ ఛాంపియన్ అనే పిలుస్తారు. నెత్తి మీద జుట్టు పల్చబడినా ఆ పేరు పల్చబడలేదు. ఈ మేడ కింద వీడియో ఆటల హాలు ఉన్న రోజుల్లో తండ్రి పెట్టిన పేరు అది. తండ్రి మిషన్లు చూసుకునేవాడు. తల్లి గల్లా దగ్గర కూర్చుని డబ్బు తీసుకుని పిల్లలకి మిషన్లో వేసే బిళ్లలు ఇచ్చేది. అందుకే ఆమె వీధి మొత్తానికీ బిళ్లలమ్మ. తండ్రి పోయాక హాలు మూతపడింది, మిషన్లు అమ్ముడుపోయాయి. ఒక్కటి మాత్రం మిగిలింది. రెండు బనీన్ల మిషను. ఎర్ర బనీను వాడూ నీలం బనీను వాడూ వీధి వెంట నడుస్తూ రౌడీలని చితకబాదే ఆట. ఒక్క బిళ్లతో ఆ ఆట చివరిదాకా వెళ్లినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే, ఛాంపియన్.

ప్రెస్సులో బొమ్మలు వేసే ఉద్యోగం మానేసి, కొన్నేళ్లుగా అతను అలాంటి ఆటే ఒకటి సొంతంగా తయారుచేస్తున్నాడు. అచ్చం ఆ కాలపు ఆటలాగే. పాత ఆట కాపీలు బయట దొరుకుతాయని ఎవరో చెబితే చెవులు మూసుకున్నాడు. చూస్తే తన జ్ఞాపకం చెడిపోతుందట.

రాత్రి ఆట పూర్తయింది. మొదట భార్య చేతికిచ్చాడు. ఆమె చివరిదాకా ఆడి, జాయ్‌స్టిక్కు ఒళ్లోంచి పక్కన పెట్టి అంది. "బొమ్మలు కళ్లకద్దుకునేలా ఉన్నాయి. కానీ ఇందులో ఆట ఏదీ?"

గొడవంతా ఆ ఒక్క మాటకి.

"అందరి ముందూ అలా అనకపోతే ఏం?" సోఫా కిందనించే అడిగాడు ఛాంపియన్. ఈసారి తల్లిని మధ్యలో పెట్టలేదు.

"అందరూ ఎవరు? అత్తయ్యా, నేనూ, మీరూ."

"అదే. ఇంట్లోవాళ్లే అలా అంటే ఇంక బయటివాళ్లు..."

"బయటివాళ్లు అనకముందే నేనంటే మంచిది కదా! రోజంతా జనం కళ్లకి అద్దాలు మార్చి మార్చి పెట్టి, కనిపిస్తోందా అని అడిగేదాన్ని నేను. కనిపించకపోతే కనిపించడం లేదంటారు. వాళ్ల మీద కోపం తెచ్చుకుంటానా?" ఆమె కళ్లజోళ్ల కొట్లో పని చేస్తుంది. ఇంటికి వచ్చాక కూడా వేళ్లతో గాజు తుడుస్తున్నట్టే మాట్లాడుతుంది. "ఒకడొస్తాడు, నొక్కుతాం, పడతాడు. ఇంకొకడొస్తాడు, నొక్కుతాం, పడతాడు. చిట్టచివరి రౌడీ కూడా మొదటివాడిలాగే పడిపోయాడు పాపం. అంత మీసం పెట్టుకుని!"

బిళ్లలమ్మకి నవ్వొచ్చింది. కొడుకు మొహం చూసి దాన్ని దగ్గుగా మార్చేసింది.

"ఆవిడ ఈ మధ్యాహ్నమే వస్తోంది," అన్నాడు ఛాంపియన్ పైకి లేస్తూ. మోకాళ్లకి దుమ్ము అంటుకుంది. "ఇప్పుడా నాకీ మాటలు?"

ఆవిడంటే ఆటల కంపెనీ ఆవిడ. బొమ్మలు చూసి ముచ్చటపడింది. ఛాంపియన్ కథ విని ఇంకా ముచ్చటపడింది. 'ఓటమి ఎరుగని ఛాంపియన్ చేతి ఆట' అని పోస్టరు కూడా వేయించేసింది. ఈ రోజు వచ్చి, అతను పాత మిషను మీద ఒక్క బిళ్లతో గెలవడం కెమెరాలో తీసుకుంటుంది. ఆ తర్వాత సంతకాలు. అవి అయిపోతే అతని ఇన్నేళ్ల పనికి ఒక అర్థం ఉన్నట్టు. కాకపోతే, మళ్లీ ప్రెస్సు మెట్లెక్కి, తన కింద పని నేర్చుకున్నవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

భార్య టీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను తాగలేదు. ఆమె తీసుకుపోలేదు. టీ మీద మీగడ కట్టింది.

*

లిఫ్టాయన వచ్చేసరికి ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

లిఫ్టాయన ఛాంపియన్ తమ్ముడు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. చేతులకి గ్రీజు, జేబులో స్క్రూడ్రైవరు. వదిన ఫోను చేస్తే పని మధ్యలోంచి వచ్చేశాడు. ఆట ఇద్దరాడేది కదా, రెండో మనిషి కావాలి.

"ఏంటి, ఇల్లు ఆస్పత్రిలా ఉంది?" అన్నాడు చెప్పులు విడుస్తూ. "ఎవరికి బాలేదు?"

"ఆటకి," అంది వదిన.

"మాట్లాడకుండా కూర్చో," అన్నాడు ఛాంపియన్. తమ్ముడి చేతిలో జాయ్‌స్టిక్కు పెట్టాడు. "నువ్వు నీలం బనీను."

తెర వెలిగింది. లిఫ్టాయన నోరు తెరుచుకుంది.

నిజంగానే అది ముచ్చటైన పని. వాళ్ల వీధి తెర మీద ఉంది. సైకిళ్ల కొట్టు ముందు వేలాడే టైర్లు, మంగలి అద్దంలో కనబడే ఎదురింటి మేడ, వాన పడ్డాక రోడ్డు మీద మిగిలిన మడుగులు. హాలు తలుపు దగ్గర గల్లా వెనక నడుము దాకా కనబడే తల్లి. ఆమె పక్కన నాన్న, భుజం మీద తుండుగుడ్డతో.

"నాన్నే," అన్నాడు లిఫ్టాయన మెల్లగా. "ఆ నిలబడ్డం... ఎలా పట్టుకున్నావన్నయ్యా?"

ఛాంపియన్ మొహంలోకి రాత్రినించీ లేని రక్తం వచ్చింది. "ఇంకా చూడు. నడు ముందుకి."

నడిచారు. రౌడీలు వచ్చారు. లిఫ్టాయన నొక్కాడు, పడ్డారు. ఇంకా వచ్చారు. ఇంకా పడ్డారు. వీధి మలుపు తిరిగింది, బొమ్మలు మారాయి, చొక్కాల రంగులు మారాయి. వాళ్లు పడే తీరు మారలేదు.

కాసేపటికి లిఫ్టాయన కూర్చున్న చోటే మెల్లగా వెనక్కి తిరిగాడు. ఇప్పుడు అతని మొహం గోడకేసి ఉంది. బొటనవేలు మాత్రం ఆడుతోంది. వెనకాల తెర మీద నీలం బనీను వాడు ఒక్కొక్కణ్ణీ పడేస్తూ పోతున్నాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు ఛాంపియన్.

"గెలుస్తున్నాను."

బిళ్లలమ్మ ఈసారి దగ్గలేకపోయింది. నవ్వేసింది. నవ్వేశాక చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది.

ఛాంపియన్ తన చేతిలోని జాయ్‌స్టిక్కు సోఫా మీదికి విసిరాడు. "నువ్వూ నీ వదినా కలిసి అనుకునే వచ్చారా? ఆ రోజుల్లో ఆటలు ఇలాగే ఉండేవిరా! ఇంతే సింపులుగా! అందుకే వాటిని తలుచుకుంటే ఇప్పటికీ జనానికి కళ్లు చెమరుస్తాయి. నువ్వు పక్కన నిలబడి చూడలేదూ? మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"మరి? ఇలాగే లేదూ?"

"నీకు అలాగే ఉండేది," అన్నాడు లిఫ్టాయన.

అనేసి పెదవి కొరుక్కున్నాడు.

బిళ్లలమ్మ నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. కోడలు అది గమనించింది. గాజులో గీత పడితే కనిపెట్టే కళ్లు ఆమెవి.

"నాకు అలాగే అంటే?" అడిగాడు ఛాంపియన్.

"ఏం లేదన్నయ్యా. వదినా, టీ ఉందా?"

"నాకు అలాగే అంటే ఏంట్రా?"

"నువ్వు బాగా ఆడేవాడివి కదా, నీకు సులువు. నాకు రాదు. అదే అంటున్నా." లిఫ్టాయన లేచి నిలబడ్డాడు. "పద, కిందికెళ్లి మిషను చూద్దాం. నాన్న పోయాక మళ్లీ వెలిగించలేదు కదా. ఆవిడొచ్చాక పనిచేయకపోతే పరువు పోతుంది."

*

హాలు షట్టరు సగం లేచి మొరాయించింది. లిఫ్టాయన భుజం పెట్టి ఎత్తాడు.

లోపల దుమ్ము, పాత ప్లాస్టిక్కు వాసన. మిషన్లు నిలబడ్డ చోట నేల మీద లేత రంగు చతురస్రాలు మిగిలాయి. మూల దుప్పటి కప్పుకుని రెండు బనీన్ల మిషను ఉంది. దుప్పటి తీస్తుంటే ఛాంపియన్ చేతులు తేలిగ్గా కదిలాయి, పడుకున్న మనిషిని లేపుతున్నట్టు. ఎర్ర బనీను బొమ్మ మీద రంగు పెచ్చులూడింది. ఎడమవైపు పిడి మాత్రం నున్నగా మెరుస్తోంది. అతని అరచేతి మెరుగు అది.

"ఇక్కడ నిలబడి గెలిచినప్పుడల్లా నాన్న ఏమనేవాడో తెలుసా?" ఇంతసేపటికి భార్యతో మామూలుగా మాట్లాడాడు. "ఏమీ అనేవాడు కాదు. భుజం మీద తుండుగుడ్డ తీసి గాల్లో తిప్పేవాడు. హాలు మొత్తం చప్పట్లే."

ఆమె అతని మోకాలి మీద ఉండిపోయిన దుమ్ము దులిపింది. రాజీ అన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

లిఫ్టాయన తీగలు చూశాడు, ప్లగ్గు మీది తుప్పు గీకాడు. "వెయ్యొచ్చు."

ఛాంపియన్ మిషను ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. చిన్నప్పటి నిలబడ్డమే. పిడి పట్టుకున్నాడు.

"ఉండు నాయనా," అంది బిళ్లలమ్మ. "దుమ్ము దులిపి ఇస్తాను."

ఆమె నడుముకున్న తాళంచెవుల గుత్తిలోంచి చూడకుండానే ఒక చెవి ఏరింది. మిషను వెనక్కి వెళ్లింది. చిన్న తలుపు కిర్రుమంది. టిక్కున ఒక చప్పుడు. తలుపు మూసుకుంది. చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చింది.

"ఊఁ. ఇప్పుడు వెయ్యి."

అంతా ఊపిరి పీల్చి వదిలేంత సేపట్లో అయిపోయింది. గల్లా దగ్గర కూర్చున్న ఏళ్లలో ఎన్నిసార్లు చేసిందో, చెయ్యి దానంతట అదే చేసేసింది. నేను సూదిలో దారం ఎక్కించేటప్పుడు దారం కొస నోట్లో పెట్టుకుంటాను చూడండి, ఎందుకు పెట్టుకున్నావని ఎవరైనా అడిగితే తప్ప పెట్టుకున్నానని నాకే తెలీదు.

అడిగింది కోడలు.

"అత్తయ్యా, దుమ్ము ముందువైపు కదా ఉంది?"

బిళ్లలమ్మ తుడిచిన చేతినే మళ్లీ తుడుచుకుంది. "వెనక కూడా ఉంటుందమ్మా."

"టిక్కుమంది ఏంటి?"

"ఏమో. తలుపు."

"తలుపు కిర్రుమంది. ఆ తర్వాత టిక్కుమంది."

"వదినా, వదిలెయ్యి," అన్నాడు లిఫ్టాయన, నేలకేసి చూస్తూ.

ఛాంపియన్ ఇంకా పిడి పట్టుకునే ఉన్నాడు. తల మాత్రం తిప్పాడు. తమ్ముడి కేసి చూశాడు, తల్లి కేసి చూశాడు.

"నాన్న కూడా అలాగే అనేవాడు," అన్నాడు నెమ్మదిగా. "నేను ఆడబోయేముందు. ప్రతిసారీ. దుమ్ము దులిపి ఇస్తాను ఉండు అని వెనక్కి వెళ్లేవాడు. ఆయన లేని పూట నువ్వు వెళ్లేదానివి. వేరే పిల్లలు ఆడేటప్పుడు..." ఆగాడు. "వేరేవాళ్లకి ఎప్పుడూ దులపలేదు కదమ్మా?"

 రోడ్డు మీద ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు.

"వెనకేముందిరా?" తమ్ముణ్ణి అడిగాడు.

"అన్నయ్యా..."

"వెనకేముంది?"

"మీటలుంటాయి. చిన్నవి." లిఫ్టాయన జేబులో స్క్రూడ్రైవరు తడుముకున్నాడు. "ఆట ఎంత కష్టంగా ఉండాలో వాటితో పెట్టుకోవచ్చు. అన్ని మిషన్లకీ ఉంటాయి. పైకి తోస్తే కష్టం. కిందికి లాగితే..."

"లాగితే?"

"చిన్నపిల్లలు కూడా గెలుస్తారు."

భార్య ఒక అడుగు ముందుకి వేసింది. అతను చెయ్యి ఎత్తాడు, రావద్దన్నట్టు.

"చిన్నప్పుడు నువ్వు జ్వరం పడి లేచావురా," బిళ్లలమ్మ గబగబా అందుకుంది. "గుర్తుందా? మంచం దిగేసరికి చెయ్యి వణికేది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోయేవి. బిళ్ల వేసిన వెంటనే ఓడిపోయి మూల కూర్చుని ఏడ్చేవాడివి. మీ నాన్న చూడలేకపోయాడు. ఒక్క వారం అన్నాడు. చెయ్యి కుదుటపడేదాకా అన్నాడు. తర్వాత నువ్వు గెలిచావు. ఎంత నవ్వావురా! ఆ నవ్వు చూశాక, నువ్వు ఆడేటప్పుడు మీట దింపకుండా ఉండడం ఆయన వల్ల కాలేదు."

"చెయ్యి కుదుటపడింది కదా?"

"పడింది."

"మరి?"

బిళ్లలమ్మ చేతిలోని గుత్తిలో చెవులు ఒక్కొక్కటిగా జరపసాగింది.

"నీకెప్పుడు తెలుసు?" తమ్ముణ్ణి అడిగాడు.

"మొదటినించీ. స్క్రూడ్రైవరు అందించింది నేనే కదా." లిఫ్టాయన గొంతులో ఏదో గరుకు బయటపడింది. "అన్నకి చెప్పకు, నీకు కొత్త బూట్లు కొంటానన్నాడు నాన్న. కొన్నాడు కూడా. నాకు మాత్రం మీట ఎప్పుడూ కిందికి దింపలేదు. నీకెందుకురా, నువ్వు ఏడవవు కదా అనేవాడు."

"అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు," అన్నాడు ఛాంపియన్.

"నేనూ కొట్టేవాణ్ణి."

ఛాంపియన్ పిడి మీది నునుపుని బొటనవేలితో రుద్దాడు. "పైకి తొయ్యమ్మా."

"ఇప్పుడెందుకురా? ఆవిడొచ్చే వేళయింది. వచ్చి, చూసి, పోతుంది. ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

"పైకి తొయ్యి."

ఆమె కదల్లేదు. లిఫ్టాయన తల్లి చేతిలోంచి గుత్తి తీసుకుని వెనక్కి వెళ్లాడు. కిర్రు. టిక్కు. కిర్రు.

లిఫ్టాయన గుత్తి తల్లికి తిరిగి ఇచ్చాడు. బిళ్ల పడింది. ఎర్ర బనీను వాడు వీధి మొదట్లో నిలబడ్డాడు. మొదటి రౌడీ వచ్చాడు. ఛాంపియన్ ఎప్పట్లాగే నొక్కాడు. రౌడీ పడలేదు. వంగి తప్పించుకున్నాడు. పక్కనించి ఇంకొకడు, వెనకనించి మరొకడు. నొక్కుతూనే ఉన్నాడు, నొక్కుతూనే ఉన్నాడు. మొదటి మలుపు దాకా కూడా చేరకుండానే ఎర్ర బనీను వాడు వెల్లకిలా పడ్డాడు. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు. ఆఖరిసారి పడి లేవలేదు.

ఆ మిషను మీద ఓడిపోతే ఒక పాట వస్తుంది. ఏడుపు పాట. వీధిలో పిల్లలందరికీ ఆ పాట నోటికి వచ్చు. ఛాంపియన్ జ్వరం నాటి నించీ ఇప్పటిదాకా తను ఆడుతుండగా దాన్ని వినలేదు.

"ఇలా కాదన్నయ్యా," అన్నాడు లిఫ్టాయన ఉండబట్టలేక. ఇంకో బిళ్ల వేసి పిడి పట్టుకున్నాడు.

ఛాంపియన్ చూశాడు. ఎర్ర బనీను వాడు గోడ మీదికి ఎగిరాడు. అక్కణ్ణించి ఒకడి భుజాల మీద దూకి, వాణ్ణి పట్టుకుని గిర్రున తిప్పి మిగతావాళ్ల మీదికి విసిరాడు. ఒకడు కత్తి తీసేదాకా ఆగి, తీసిన క్షణంలో చెయ్యి పట్టుకున్నాడు. రౌడీలు కూడా ఒక్కలా లేరు. ఒకడు పిరికివాడు, ఒకడు మొండివాడు, ఒకడు పక్కవాణ్ణి ముందుకి తోసి తను వెనక దాక్కునేవాడు.

"వాడు ఎగురుతాడా?" అన్నాడు ఛాంపియన్.

"మొదటినించీ ఎగురుతాడు."

"నా ఆటలో ఎగరడమే లేదు," అన్నాడు. తనకి తను చెప్పుకున్నట్టు. "అవసరం పడలేదు. వేరేవాళ్లు ఆడుతుంటే ఎప్పుడూ నిలబడి చూడలేదు. అందుకే... నాకు తెలీలేదు."

చెయ్యి చాపి మిషను స్విచ్చి ఆపేశాడు. ఎర్ర బనీను వాడు గాల్లో ఉండగానే తెర నల్లబడింది.

*

ఛాంపియన్ హాలు లోపలి మెట్టు మీద కూర్చున్నాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది, మధ్యలో కాస్త చోటు వదిలి.

"నీకు తెలుసా?"

"తెలీదు."

"తెలిసుంటే?"

"పెళ్లిచూపుల్లోనే చెప్పేసేదాన్ని."

అతనికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "రాత్రి నువ్వన్నది నిజమే. ఇందులో ఆట లేదు. ఉండదు కూడా. నేను ఆట గురించి చెయ్యలేదు. నాన్న తుండుగుడ్డ గురించి చేశాను."

ఆమె ఇద్దరి మధ్యా ఉన్న చోటులోకి చెయ్యి పెట్టింది.

"ఆవిడకి ఏం చెప్తారు?"

"చెప్తే సంతకం ఉండదు."

"చెప్పకపోతే?"

"అమ్మ మీట దింపుతుంది. నేను గెలుస్తాను. పోస్టరు అంటిస్తారు." అరచేతులు చూసుకున్నాడు. "జనం కొంటారు. బొమ్మలు చూసి, వాళ్ల వీధి గుర్తొచ్చి కొంటారు. ఓ పూట ఆడి పక్కన పెట్టేస్తారు. ఎవరికీ నష్టం లేదు."

"మీకు?"

అతను నోరు తెరిచేలోగా షట్టరు కింద ఎవరిదో నీడ పడింది.

"నేను కాస్త ముందే వచ్చేశానేమో!" ఆటల కంపెనీ ఆవిడ వంగి లోపలికి వచ్చింది. మెడలో కెమెరా, మొహం నిండా సంబరం. "ఇదేనా హాలు! అచ్చం మీరు పంపిన బొమ్మల్లో ఉన్నట్టే ఉంది. మీరు బిళ్లలమ్మ గారు, నాకు తెలుసు! ఆ బొమ్మల్లో చూశాను మిమ్మల్ని. అదే కదా మిషను?"

"అదేనండీ," అన్నాడు ఛాంపియన్ లేచి.

"కాగితాలు తెచ్చేశాను. ముందు మీ ఆట తీసుకుందాం, తర్వాత సంతకాలు. ఒక్క బిళ్లతో చివరిదాకా వెళ్తారట కదా? మా ఆఫీసులో నమ్మనివాళ్లున్నారు. చూపిద్దాం వాళ్లకి!"

ఆవిడ కెమెరా కన్ను తెరిచింది. ఎర్రటి చుక్క వెలిగింది.

ఛాంపియన్ మిషను ముందుకి నడిచాడు. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. వెనకనించి గుత్తి గలగల వినబడింది. బిళ్లలమ్మ కొడుకు మొహం చూడకుండా గోడ పక్కగా జరిగింది. చెవి ఎప్పుడో ఏరుకుంది, వేళ్ల మధ్య తయారుగా ఉంది.

"ఉండు నాయనా," అంది.  "దుమ్ము దులిపి ఇస్తాను."

 కోడలు కళ్లు దించేసుకుంది. ఆమె చెప్పాల్సింది రాత్రే చెప్పేసింది.

"దుమ్ము లేదమ్మా," అన్నాడు ఛాంపియన్. "ఇలా వచ్చి నా పక్కన నిలబడు."

బిళ్లలమ్మ చెయ్యి ఆ చిన్న తలుపు మీదే ఉండిపోయింది. కాసేపటికి కిందికి వాలింది. వచ్చి కొడుకు పక్కన నిలబడి, అతని చొక్కా అంచు పట్టుకుంది.

అతను స్విచ్చి వేశాడు. బిళ్ల వేశాడు. వీధి వెలిగింది.

"ఛాంపియన్ గారూ, మొదలుపెట్టండి!" అంది కంపెనీ ఆవిడ.

ఎదురుగా మొదటి రౌడీ వస్తున్నాడు.

"తమ్ముడూ," అన్నాడు ఛాంపియన్, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఎగరడానికి ఏది నొక్కాలిరా?"

కంపెనీ ఆవిడ కెమెరా మెల్లగా కిందికి దించింది.

— కుట్టుమిషనమ్మ (అందరూ అలాగే పిలుస్తారు, మీరూ పిలవండి). వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది చిన్నకూతురి ఇంట్లో, మెట్ల పక్క గదిలో, కిటికీ దగ్గర.